గెర్గెటి కొండ మీది మఠానికి స్నేహితులతో వెళ్ళాలంటే: జార్జియాలో చదివే మన నెల్లూరు, ప్రకాశం పిల్లలకి

సెలవుల్లో కావలి వచ్చి, ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. మా వీధిలోనే ఇద్దరు పిల్లలు ఈసారి ఎంబీబీఎస్‌కి జార్జియా రాజధాని టిబిలిసి బయల్దేరుతున్నారు, ఒంగోలు వైపు నుంచి ఇంకో నలుగురు ఫోన్లో అడుగుతున్నారు. ఫీజులు, హాస్టలు, కుక్కర్ తీసుకెళ్ళాలా వద్దా, ఇవన్నీ అయ్యాక చివర్లో అందరూ అడిగేది ఒకటే. "అక్కా, కొండ మీద రాతి చర్చి, దాని వెనకాల మంచుకొండ ఉంటది కదా, అక్కడికి ఎట్లా పోవాలి?" ఒక్కొక్కళ్ళకి విడివిడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాసేస్తే మేలనిపించింది. నాలుగేళ్ళలో నాలుగుసార్లు వెళ్ళాను, మొదటిసారి వెళ్ళిన తీరు మాత్రం మీరెవరూ వెళ్ళకూడదని నా కోరిక.

ముందు అది ఏ చోటో తెలియాలి. జార్జియాలో ఉత్తరాన, రష్యా సరిహద్దుకి పది పన్నెండు కిలోమీటర్ల ఇవతల స్టెపాంట్స్‌మిండా అనే చిన్న ఊరుంది. పాత పేరు కజ్బెగీ, వ్యాన్ల మీద బోర్డులు, డ్రైవర్ల కేకలు అన్నీ ఇప్పటికీ ఆ పాత పేరుతోనే. ఊరు 1,740 మీటర్ల ఎత్తున ఉంటే, ఎదురుగా ఉన్న గెర్గెటి కొండ మీద 2,170 మీటర్ల ఎత్తున 14వ శతాబ్దంలో కట్టిన రాతి గుడి, పక్కనే గంటల గోపురం ఉంటాయి. వాళ్ళు దాన్ని సమేబా అంటారు, అంటే త్రిత్వం అని అర్థం. దాని వెనకాల 5,000 మీటర్లు దాటిన కజ్బెక్ శిఖరం, ఏడాది పొడవునా మంచుతో. పూర్వం శత్రువులు దండెత్తినప్పుడు పాత రాజధాని మ్త్స్‌ఖెటాలోని పవిత్ర వస్తువుల్ని, జార్జియాకి క్రైస్తవాన్ని తెచ్చిన సెయింట్ నీనో శిలువతో సహా, ఇక్కడికి తెచ్చి దాచేవాళ్ళు. ద్రాక్షకొమ్మల్ని తన జుట్టుతోనే కట్టి ఆమె ఆ శిలువ చేసిందని వాళ్ళ నమ్మకం. ఆ శిలువ ఇప్పుడు టిబిలిసిలో సియోని చర్చిలో ఉంది, మెట్రోలో పోయి చూసి రావచ్చు, కొండకి వెళ్ళే ముందే చూస్తే ఇంకా బాగుంటుంది.

సోవియట్ కాలంలో ఇక్కడ పూజలు ఆపేశారు. 1988లో ప్రభుత్వం ఆ కొండ మీదికి రోప్‌వే వేస్తే, పవిత్రమైన చోటుకి ఇది తగదని ఊరి జనమే దాన్ని పీకేశారు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే అక్కడ ఎట్లా నడుచుకోవాలో సగం తెలిసినట్టే. అది ఫోటో కోసం కట్టింది కాదు, మఠం. సాధువులు ఉంటారు, రోజూ పూజ జరుగుతుంది. పెంచలకోనకి, మాలకొండకి మనం ఎట్లా వెళ్తామో అట్లాగే వెళ్ళాలి.

ఒకటి: ఒక్కరోజులో వెళ్ళి రావద్దు

మొదటి ఏడు నవంబర్లో పదహారు మందిమి వ్యాను మాట్లాడుకుని, పొద్దున పోయి రాత్రికి వచ్చే ట్రిప్పు వేశాం. దారిలో కోట దగ్గర దిగాం, వ్యూ పాయింట్ దగ్గర దిగాం, భోజనానికి గంటన్నర పట్టింది, కొండ పైకి చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. మబ్బు కమ్మేసి కజ్బెక్ జాడే లేదు. డ్రైవరు అరగంటే టైమిచ్చాడు. సగం మంది అమ్మాయిలు జీన్స్‌లో వచ్చారు, గుడి గుమ్మం దగ్గర కట్టుకోవడానికి పెట్టిన గుడ్డలు చాలక బయటే ఉండిపోయాం. రాత్రి పదింటికి హాస్టలుకి చేరాక మా అమ్మకి ఫోన్ చేసి చెప్తే, "ఏందిమే, అంత దూరం పోయి గుళ్ళోకి పోకుండానే వచ్చినారా?" అంది. ఆ మాటకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే నా మాట వినండి, ఒక రాత్రి ఆ ఊళ్ళో ఉండండి. కారణం ఒక్కటే, పొద్దున్నే ఆకాశం తేటగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ మబ్బులు వచ్చి శిఖరాన్ని మూసేస్తాయి, సరిగ్గా ఆ మూసేసే వేళకే టిబిలిసి నుంచి టూర్ వ్యాన్లన్నీ పైకి చేరతాయి. ఊళ్ళో పడుకున్నవాళ్ళకి తెల్లవారుజామున కొండ ఖాళీగా దొరుకుతుంది. గెస్ట్‌హౌస్ ఖర్చు నలుగురు పంచుకుంటే భారం కాదు. ఊళ్ళో చాలా ఇళ్ళల్లో వాళ్ళ గదులే అద్దెకిస్తారు, రాత్రి వేడివేడి టీ, పొద్దున రొట్టె, జున్ను, ఇంట్లో చేసిన జామ్ పెడతారు.

శనివారం పొద్దున బయల్దేరి, ఆదివారం తెల్లవారి కొండెక్కి, సాయంత్రానికి వచ్చేయడం మన కాలేజీ టైమింగ్స్‌కి సరిపోతుంది. అటెండెన్స్ పోగొట్టుకుని మాత్రం వెళ్ళకండి.

రెండు: ఎప్పుడు, ఎవరితో

జూన్ నుంచి అక్టోబర్ మొదటి వారాల దాకా మంచి కాలం. నాకు నచ్చింది సెప్టెంబర్ చివర, గాలి తేటగా ఉంటుంది, జనం తగ్గుతారు. డిసెంబర్ నుంచి మార్చి దాకా మంచు కూలుతుందని దారిలో ఉన్న గుడౌరి, కోబీల మధ్య రోడ్డు అప్పుడప్పుడు మూసేస్తారు. అంటే మీరు వెళ్ళాక తిరిగి రాలేకపోవచ్చు, సోమవారం పరీక్ష ఉంటే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. చలికాలంలో వెళ్ళాలనుకుంటే బయల్దేరే రోజు పొద్దున రోడ్డు తెరిచి ఉందో లేదో కనుక్కుని కదలండి.

మందిని తగ్గించండి. నలుగురు, మహా అయితే ఆరుగురు. పదహారు మందిలో ఎవరో ఒకరి కోసం ఎప్పుడూ ఆగుతూనే ఉండాలి, ఆగినప్పుడల్లా ఒకళ్ళ మీద ఒకళ్ళకి విసుగు. రెండోసారి మేం వెళ్ళింది నలుగురమే: నేను, ఒంగోలు అమ్మాయి, మార్కాపురం అబ్బాయి, కందుకూరు అబ్బాయి. నడకలో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళని ముందు పెట్టాలని కందుకూరు అబ్బాయి చెప్పాడు. వాళ్ళ నాయన మాలకొండకి ఊరివాళ్ళని శనివారాలు తీసుకెళ్ళేవాడట, ముసలివాళ్ళని ముందు నడిపిస్తే ఎవరూ వెనకబడరనేవాడట. ఆ పద్ధతి ఇక్కడా అచ్చంగా పనికొచ్చింది.

మూడు: సంచిలో ఏం ఉండాలి

అమ్మాయిలకి చున్నీ. ఇది మొదటిది, మర్చిపోతే తిరిగి హాస్టలుకి పోయి తెచ్చుకోండి. గుళ్ళో ఆడవాళ్ళు తల మీద గుడ్డ కప్పుకోవాలి, మోకాళ్ళు దాటే పావడా ఉండాలి, ప్యాంటు కుదరదు. గుమ్మం దగ్గర బుట్టలో నాడాలున్న గుడ్డలు పెడతారు, ప్యాంటు మీద లుంగీలాగా చుట్టుకోవచ్చు, కానీ జనం ఎక్కువైతే అవి దొరకవు. నేనైతే ఒక పలుచటి పొడుగు పావడా సంచిలో పెట్టుకెళ్ళి పైకి చేరాక వేసుకుంటాను. చుడీదార్ వేసుకుంటే సరిపోతుందా అని అడుగుతారు, టాప్ మోకాళ్ళు దాటి ఉంటే నన్నెవరూ ఆపలేదు, అయినా పావడా పెట్టుకోవడమే నయం. అబ్బాయిలు నిక్కర్లతో వెళ్ళకూడదు, చేతుల్లేని బనియన్లు వద్దు, లోపలికి వెళ్ళేటప్పుడు టోపీ తీసేయాలి.

బూట్ల అడుగున గట్టి పట్టు ఉండాలి. ఇది ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, ఒంగోలు అమ్మాయి కాన్వాస్ షూస్‌తో వచ్చింది, ముందురోజు రాత్రి వాన పడి మట్టి జారుతోంది, ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు, దిగేటప్పుడు చీలమండ మెలిపడింది. మేం నలుగురం మెడికోలమే, అయినా కొండ మధ్యలో మనవాళ్ళ కాలు వాస్తుంటే చదివిందంతా ఒక్క నిమిషం గుర్తుకు రాదు. చున్నీతోనే గట్టిగా కట్టు కట్టి, భుజాల మీద చేతులేయించుకుని, మెల్లగా కారు రోడ్డు దగ్గరికి తీసుకొచ్చి టాక్సీ ఆపాం. అప్పటి నుంచి నా సంచిలో క్రేప్ బ్యాండేజ్ ఎప్పుడూ ఉంటుంది.

మిగతావి: ఎండలోనూ ఒక స్వెటర్, గాలి ఆపే జాకెట్, ఎందుకంటే నెల్లూరు ఎండకి పెరిగిన ఒంటికి పైన జూలైలోనూ వణుకు వస్తుంది. నీళ్ళు. పాస్‌పోర్ట్ లేదా రెసిడెన్స్ కార్డు, సరిహద్దు దగ్గర కాబట్టి ఎవరైనా అడగవచ్చు. లారీలు (అక్కడి డబ్బుకి అదే పేరు) చిల్లరగా కొన్ని, వ్యానుకి, కొవ్వొత్తులకి కార్డు పనికిరాదు. ఏదైనా ఆపద వస్తే 112కి ఫోన్ చేయాలి.

నాలుగు: డిడూబే నుంచి కజ్బెగీ దాకా

మెట్రోలో ఎర్ర లైన్ మీద డిడూబే స్టేషన్‌లో దిగితే బయటంతా వ్యాన్ల సంత. మన ఆత్మకూరు బస్టాండ్‌లో పండగ ముందురోజు ఎట్లా ఉంటుందో అట్లా. టాక్సీవాళ్ళు చుట్టూ చేరి "కజ్బెగీ, కజ్బెగీ" అని చెయ్యి పట్టుకున్నంత పని చేస్తారు. మీరు వెతకాల్సింది మార్ష్రుట్కా, అంటే పదిహేను ఇరవై మంది పట్టే వ్యాను. టైం ప్రకారం కాకుండా నిండితే కదులుతుంది, కాబట్టి ఎనిమిది లోపే చేరండి. జార్జియన్ అక్షరాలు గుండ్రంగా, చూడ్డానికి మన తెలుగు అక్షరాలకి చుట్టాల్లా ఉంటాయి కానీ చదవలేం, అందుకని ఫోన్లో ఊరి పేరు వాళ్ళ లిపిలో పెట్టుకుని బోర్డుతో పోల్చుకోండి.

నలుగురుంటే టాక్సీ పంచుకోవడమూ ఒక దారే, ఎక్కువే పడుతుంది కానీ మధ్యలో ఎక్కడ కావాలంటే అక్కడ ఆగవచ్చు. ఎక్కే ముందే మొత్తం ఎంత, ఎక్కడెక్కడ ఆగాలి, తిరిగి తీసుకొస్తాడా, ఇవన్నీ తేల్చుకోండి.

దూరం దాదాపు 150 కిలోమీటర్లు, మూడు గంటలు. అరాగ్వి నది మీద జిన్వాలి జలాశయం, దాని ఒడ్డున అననూరి కోట, ఆ తర్వాత గుడౌరి వైపు మలుపులే మలుపులు, దాదాపు 2,400 మీటర్ల ఎత్తులో జ్వారి కనుమ. రష్యా వైపు పోయే లారీలు బారులు తీరి ఆగి ఉంటే ఇంకో గంట ఎక్కువ పట్టవచ్చు. కడుపులో తిప్పేవాళ్ళు ముందు సీట్లో కూర్చోండి, పొద్దున నూనె పదార్థాలు తినకండి, నిమ్మకాయ దగ్గర పెట్టుకోండి.

ఐదు: ఆ సాయంత్రం

ఊరు చేరగానే కొండెక్కాలని కాళ్ళు లాగుతాయి. ఆగండి. గెస్ట్‌హౌస్‌లో సామాన్లు పెట్టి, తెరెక్ నది దాకా నడిచి, మర్నాటి దారి ఎక్కడ మొదలవుతుందో వెలుతురుండగానే చూసుకోండి. తిరిగొచ్చే వ్యాన్లు ఆదివారం ఎన్ని గంటల దాకా ఉన్నాయో డ్రైవర్‌నే అడిగి రాసుకోండి.

తిండి గురించి మన ఇళ్ళల్లో చాలా దిగులు, కాబట్టి వివరంగా చెప్తాను. శాకాహారులు పస్తులుండక్కర్లేదు. లోబియాని అని రాజ్మాలాంటి గింజల్ని మెత్తగా నలిపి లోపల పెట్టి కాల్చిన రొట్టె ఉంటుంది, పూర్ణం పోళీకి కారపు చెల్లెలు అనుకోండి. ఖచాపురి అంటే జున్ను రొట్టె. ఖింకాలి అంటే కుచ్చిళ్ళు పెట్టి మూటకట్టిన పెద్ద కుడుము, మామూలుగా మాంసంతో చేస్తారు, బీఫూ పోర్కూ కలిపి ఉంటుంది, తిననివాళ్ళు ముందే అడగాలి, పుట్టగొడుగులతోనూ బంగాళాదుంపతోనూ చేసినవి ఉంటాయి. ఇంకో సంగతి, చాలామందికి తెలియదు: వాళ్ళ మతంలో బుధ, శుక్రవారాలూ, ఈస్టర్ ముందు రోజులూ ఉపవాసం, ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఆ తిండిని సమర్ఖ్వో అంటారు. హోటల్లో ఏ రోజైనా "సమర్ఖ్వో" అని అడగండి, శాకాహారం అని ఇంగ్లీషులో వివరించే శ్రమ తప్పుతుంది. మేమైతే ఎప్పుడూ రాత్రే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకెళ్తాం, చలికి మర్నాటి దాకా చెక్కుచెదరదు.

ఆరు: కొండెక్కడం

సూర్యోదయానికి ముందే లేవండి. కారు రోడ్డు ఇప్పుడు గుడి దాకా ఉంది, నడవలేనివాళ్ళు టాక్సీలో వెళ్ళవచ్చు, అందులో తప్పేమీ లేదు. కాళ్ళున్నవాళ్ళు నడవాలని నా పట్టుదల. వంతెన దాటి గెర్గెటి పల్లెలోంచి పైకి పోవాలి, రాతి గోడలు, ఆవులు, కట్టెలు పేర్చిన చావిళ్ళు. పల్లె దాటాక దారి రెండుగా చీలుతుంది, ఒకటి వాగు పక్కగా పాత బురుజు మీదుగా నిట్టనిలువుగా, ఇంకోటి అడవిలోంచి తిరుగుతూ. ఎక్కడానికి ఏదైనా సరే, దిగడానికి మాత్రం అడవి దారి. ఎత్తు 430 మీటర్లే, గంట నుంచి గంటన్నర. ఆయాసం వస్తుంది, మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు.

గొర్రెల మంద ఎదురైతే దూరంగా చుట్టి పోండి. ఊళ్ళో చెవికి ప్లాస్టిక్ ముక్క ఉన్న కుక్కలు టీకాలు వేసినవి, ఏమీ అనవు, కొన్ని మీతోపాటు కొండ పైదాకా వస్తాయి కూడా. మంద కాసే కుక్కలు వేరు. దూడంత ఉంటాయి, మంద దగ్గరికి వస్తే ఊరుకోవు. పరుగెత్తకండి, కాపరి వాటిని పిలిచేదాకా నిలబడండి.

అడవి దాటి పచ్చికలోకి రాగానే కుడివైపు గుడి, దాని వెనక కజ్బెక్ ఒక్కసారిగా కనిపిస్తాయి. మేం చేరినప్పుడు శిఖరం కొస మీద మాత్రమే ఎండ పడింది, కిందంతా ఇంకా నీలం నీడ. మార్కాపురం అబ్బాయి ఫోన్ తీయడం కూడా మర్చిపోయి అట్లాగే నిలబడ్డాడు. దేవుళ్ళ దగ్గర నిప్పు దొంగిలించిన వీరుణ్ణి ఈ కాకసస్ కొండల్లోనే గొలుసులతో కట్టేశారని గ్రీకుల కథ, జార్జియన్లు తమ వీరుడు అమిరానీ గురించి అలాంటి కథే చెప్తారు.

ఏడు: లోపల

నెమ్మదిగా వెళ్ళండి, ఇదే అసలు భాగం. చున్నీ కప్పుకుని, ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచిలో వేయండి, లోపల ఫోటోలు తీయకూడదు. గుమ్మం దగ్గర సన్నటి తేనెమైనం కొవ్వొత్తులు అమ్ముతారు. కుర్చీలు ఉండవు, అందరూ నిలబడే ప్రార్థిస్తారు. ముందువైపు బొమ్మల గోడ ఉంటుంది, దాని అవతలికి పూజారులే వెళ్తారు, ఆ దరిదాపులకి పోవద్దు. ప్రార్థన చేస్తున్నవాళ్ళకీ బొమ్మకీ మధ్యలోంచి నడవకండి. సాధువుల్ని ఫోటో తీయాలంటే ముందు అడగండి, తల అడ్డంగా ఊపితే అక్కడితో వదిలేయండి. గమర్జోబా అంటే నమస్కారం, మద్లోబా అంటే కృతజ్ఞతలు, ఈ రెండు మాటలకే వాళ్ళ ముఖాలు విచ్చుకుంటాయి.

చెప్పులు విప్పాలా అని మనవాళ్ళందరూ అడుగుతారు. అక్కర్లేదు. నాకు మాత్రం మొదట్లో బూట్లతో గుళ్ళోకి అడుగు పెట్టడం ఎట్లాగో అనిపించింది.

నేను వెళ్ళిన ఆదివారం లోపల పూజ జరుగుతోంది. గది చాలా చిన్నది, సన్నటి కిటికీల్లోంచి వెలుగు కత్తిలాగా దిగుతోంది, గోడలు పొగకి నల్లబడి ఉన్నాయి. ముగ్గురు పాడుతున్నారు, ఒక్కొక్కరిది ఒక్కో శ్రుతి, వాయిద్యం లేదు. జార్జియన్ల ఈ బహుగళ గానాన్ని యునెస్కో 2001లోనే మానవాళి వారసత్వంగా గుర్తించింది, రికార్డింగ్‌లో విన్నప్పుడు నాకేమీ అనిపించలేదు, ఆ రాతి గోడల మధ్య విన్నప్పుడు మాత్రం ఒళ్ళు గగుర్పొడిచింది. నా కొవ్వొత్తి ఎట్లా అంటించాలో తెలియక తడబడుతుంటే, నల్ల గుడ్డ కప్పుకున్న ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, తన కొవ్వొత్తితో దాన్ని వెలిగించి, అడుగుభాగాన్ని మంటకి కాస్త కరిగించి, ఇత్తడి పళ్ళెంలోని రంధ్రంలో నిలబెట్టింది. వేలి మీద పడిన మైనాన్ని తన చున్నీ కొసతో తుడిచింది. ఒక్క మాట కూడా ఒకరిది ఒకరికి అర్థం కాదు. మా నాయనమ్మ చనిపోయిన ఏడాది అది, నేను ఇంటికి రాలేకపోయాను. ఆ కొవ్వొత్తి సగం కాలేదాకా అక్కడే నిలబడ్డాను, ముగ్గురు స్నేహితులూ ఒక్కసారి కూడా తొందర పెట్టకుండా బయట గోడ వారన కూర్చున్నారు.

మనది వేరే మతం కదా, వెళ్ళవచ్చా అని ఇంట్లో అడిగితే నిశ్చింతగా వెళ్ళవచ్చని చెప్పండి. బట్టలు సరిగ్గా ఉండి, గొంతు తగ్గిస్తే అక్కడ ఎవరూ ఏమీ అడగరు. మన ప్రకాశంలోనూ చందవరం దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున బౌద్ధ భిక్షువుల మహాస్తూపం ఉంది, ఊరికి ఎడంగా కొండ వెతుక్కుని ఉండటం ఏ మతం సాధువులకైనా ఉన్నదే.

ఎనిమిది: దిగి రావడం

తొమ్మిది, పది గంటల మధ్య దిగడం మొదలుపెట్టండి, అప్పటికి కింద నుంచి వ్యాన్లు వస్తుంటాయి. గుడి ప్రహరీ వెలుపల గడ్డి మీద కూర్చుని పులిహోర తినండి, కాగితాలు, డబ్బాలు మళ్ళీ సంచిలోకే. కింద ఊళ్ళో ఒంటిగంట వ్యాను ఎక్కితే చీకటి పడకముందే డిడూబే చేరతారు. చివరి వ్యాను కోసం ఎప్పుడూ ఆగకండి, అది నిండిపోతే ఇంకో రాత్రి అక్కడే.

రెండు రోజులు దొరకనివాళ్ళకి, లేదా వచ్చిన కొత్తలో దూరం వెళ్ళడానికి జంకేవాళ్ళకి, టిబిలిసి నుంచి ఇరవై కిలోమీటర్ల దూరంలోనే మ్త్స్‌ఖెటా పైన కొండ మీద జ్వారి మఠం ఉంది. గెర్గెటి కంటే ఎన్నో వందల ఏళ్ళు పాతది, 6వ శతాబ్దం నాటిది. అక్కడ నిలబడితే కింద అరాగ్వి, మ్త్‌క్వారి నదులు కలిసేచోట రెండు రంగుల నీళ్ళు కొంతదూరం కలవకుండా పక్కపక్కనే పారడం కనిపిస్తుంది. ఒక్కపూట చాలు. బట్టల నియమాలు అక్కడా ఇవే, మొదట అక్కడ అలవాటు చేసుకుని తర్వాత పెద్ద కొండకి పోవచ్చు.

మా వీధి పిల్లలిద్దరికీ నిన్న సూట్‌కేసు సర్దుతుంటే వెళ్ళి చూశాను. పచ్చళ్ళు, కారప్పొడులు, కుక్కర్, అన్నీ ఉన్నాయి. ఆ అమ్మాయి సూట్‌కేసులో అన్నీ జీన్సులే. మా బీరువాలోంచి ఒక నూలు చున్నీ తెచ్చి పైన పెట్టాను.